ఎడమ మూల తుఫాను

తుఫాను ఒక్కరికే కనబడుతోంది.

మిగతా లోకానికి అంగారకుడి మీద ఆకాశం తేటగానే ఉంది. అక్కడ తిరిగే రోవర్ బండి పంపిన ఫొటోల్లో ఎర్రనేల, నేలంతా రాళ్ళు, రాళ్ళ వెనక ఒక గుట్ట, గుట్ట నెత్తిన పాలిపోయిన ఆకాశం. అంతకుమించి ఏమీ లేదు. మావయ్యకి మాత్రం ఎడమ వైపు అడుగు మూల నుంచి నల్లటి దుమ్ము తెర లేస్తోంది. రోజురోజుకీ పైకొస్తోంది.

'ఇవాళ ఇంకా ఎక్కువైంది' అని పొద్దున్నే, ఆ ఫొటోలు పంచుకునే ఫోన్ గ్రూపులో పెట్టాడు. 'ఇలాగైతే మొండిఘటాన్ని ముంచేస్తుంది. రోవర్ పని అయ్యేదాకా ఆగితే బావుణ్ణు.'

మొండిఘటం ఒక రాయి. రోవర్‌ని నడిపేవాళ్ళు దానికేదో పెద్దపేరు పెట్టుకున్నారు. ఈ గ్రూపులో దాని పేరు ఇదే. అత్తయ్య మావయ్యని రోజూ తిట్టే తిట్టునే ఆయన తీసుకెళ్ళి ఆ రాయికి అంటించాడు. పేరుకు తగ్గట్టే అది లొంగలేదు. మొన్న రోవర్ చెయ్యి చాచి, చివరనున్న అరగదీసే చక్రాన్ని దానిమీద ఆనిస్తే చక్రం జారిపోయింది. ఇవాళ రెండో ప్రయత్నం. పైతోలు గీకితే లోపల ఏముందో మధ్యాహ్నం ఫొటోలు వస్తాయి.

ఆ గ్రూపులో ఉన్నది నలుగురే. మావయ్య, కళ్ళద్దాల షాపు నడిపే ఆయన మేనకోడలు, ఒక లిఫ్టు మెకానిక్, ఒక బ్యాంకు క్యాషియర్. ఏ నోటిచ్చినా వెలుతురుకి పట్టి మూడుసార్లు చూస్తాడు కాబట్టి ఆ క్యాషియర్‌ని అందరూ సందేహం అనే పిలుస్తారు. ఆయన భార్య కూడా.

మావయ్య గ్రానైటు మిల్లులో రంపం మీద పనిచేసి రిటైరైన మనిషి. ఒకనాడు రాతిపెచ్చు ఎగిరొచ్చి ఆయన కుడికన్ను తీసుకుపోయింది. ఇప్పుడక్కడ ఉన్నది గాజుకన్ను. "ఒక కన్ను రాయికిచ్చేశా. రెండోది రాళ్ళు చూసుకోడానికి దాచుకున్నా" అని ఆయనే నవ్వుతాడు. వినేవాళ్ళకి నవ్వాలో వద్దో తెలియదు.

ఆ ఉన్న ఒక్క కన్నే గ్రూపులో అందరికన్నా పదును. పోయిన ఏడాది ఒక ఫొటో మూలలో వేలెడంత సుడిగాలి ఉందన్నాడు. ముగ్గురూ నవ్వారు. కెమెరా మీద నలుసు అన్నాడు సందేహం. వారం తిరక్కుండా రోవర్ వాళ్ళే అది సుడిగాలి అని చెప్పారు. సందేహం ముఖం మాడిపోయింది. అప్పట్నించీ మావయ్య ఏదైనా కనబడిందంటే కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే తుఫాను అనగానే ముగ్గురూ ఫొటోని పిండారు. పిండడం అంటే వాళ్ళ భాషలో వెలుగుని పెంచి, నీడని ముదరబెట్టి, ఫొటోలో దాక్కున్నదాన్ని బయటికి రప్పించడం. గట్టిగా పిండితే ఏ ఫొటో నుంచైనా ఏదో ఒకటి కారుతుంది. సందేహానికి ఎడమ మూలలో నల్లటి మరక కారింది. 'ఉంది! ఉంది! పెద్దాయన కన్నా మజాకా!' అని పెట్టాడు. మెకానిక్‌కీ కారింది. మేనకోడలికీ కారింది. ఆమె పక్కన చప్పట్లు కొట్టే బొమ్మ కూడా పెట్టింది.

ఆ బొమ్మ తలుచుకుంటే ఆమెకి తరవాత ఒళ్ళు మండింది.

* * *

షాపులో కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎదురు గోడ మీద అక్షరాల పలక.

"నాకు కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. మా కోడలికి పనిలేక పంపింది" అంటోంది.

"సరేనండి. ఒకసారి కుడికన్ను మూసుకుని చదవండి."

పెద్దావిడ అరచేత్తో కుడికన్ను మూసింది. నోరు తెరిచింది. ముందుకి వంగింది.

"అయ్యో, పలక తీసేశారేమిటి?"

"తీయలేదండి. అక్కడే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ కనబడిందిగా?"

"మంచి కన్ను చెడ్డకన్ను పనికూడా చేసేస్తూ ఉంటుంది. ఒకటి మూస్తేగానీ రెండోదాని బండారం బయటపడదు."

రోజుకి పదిమందికి చెప్పే మాటే. చెప్పి, అద్దాల పెట్టె అందుకోబోతుంటే ఫోన్ గుర్రుమంది. మావయ్య. కొత్త ఫొటో, దానికింద ఒక వాక్యం.

'దీన్నీ మింగేస్తోంది చూడండి. ఎడమ మూల.'

ఆమె చూసింది. ఎడమ మూల చూసింది. మొత్తం చూసింది. అక్కడ గుట్ట లేదు, ఆకాశం లేదు. అది గీకకముందు రోవర్ చేతికున్న కెమెరా రాయికి ముఖం ఆనించి తీసిన ఫొటో. అరచెయ్యంత మేర. అంతా రాయే. మొండిఘటం చర్మం, దానిమీద ఇసకరేణువులు.

ఇందులో తుఫాను ఎక్కడ పడుతుంది?

ఆమె చేతిలో అద్దాల పెట్టె అలాగే ఉండిపోయింది. రెండో కన్ను మూస్తేగానీ బండారం బయటపడదు. మావయ్యకి మూయడానికి రెండో కన్నేదీ?

పోయిన వారం 'నల్లనలుసులు ఈదుతున్నాయి' అన్నాడు. కెమెరా అద్దం మీద దుమ్ము అని సందేహం తేల్చేశాడు. ఆ తరవాత 'అంచున మెరుపులు' అన్నాడు. తుఫానులో మెరుపులా, కొత్త విషయమే అని అందరూ గంతులేశారు. ఇప్పుడు తెర.

ఆమె తల తిప్పింది. కుర్చీ వెనక గోడకి, కంటి ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన రంగుల అట్ట వేలాడుతోంది. ఆ అట్ట మీద దుమ్ము ఆమే దులుపుతుంది. నలుసులు, మెరుపులు, తెర. కనబడితే ఒక్క గంట కూడా ఆగవద్దు.

కంటి వెనక గోడకి అతుక్కుని ఉండాల్సిన రెటీనా పొర ఊడిపోతోంది. తడిసిన గోడకాగితం పైనుంచి ఊడినట్టు. పైన ఊడితే చూపులో తెర కిందనుంచి లేస్తుంది. నేల మీంచి లేచే దుమ్ములాగే. నడిమధ్యకి చేరకముందే అతికిస్తే చూపు దక్కుతుంది. చేరాక చేస్తే దక్కితే దక్కినట్టు.

ఆయనకున్నది ఆ ఒక్కటే.

"ఏమ్మా, నాకేమన్నా పెద్దజబ్బా? నీ ముఖం అలా అయిపోయిందేమిటి?" అంది పెద్దావిడ కంగారుగా.

"మీకు కాదండి. మీకు అద్దాలు చాలు. రేపు రండి" అంటూనే ఆమె ఫోన్ చెవికి ఆనించింది.

మావయ్య ఫోన్ మోగుతోంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగింది. ఫొటోలొచ్చే రోజు ఆయన ఫోన్ ఎత్తడు. గంట శబ్దానికి చెయ్యి అదిరి మీట తప్పు నొక్కుతానని భయం.

అత్తయ్యకి చేసింది. కుట్టుమిషను చప్పుడు వినబడింది.

"అత్తయ్యా, మావయ్య ఏడి?"

"ఇంకెక్కడ? ఆ లిఫ్టబ్బాయి గదిలో మీ రాతిదేవుడికి పూజ చేసుకుంటున్నారు. పొద్దున్నే స్కూటరేసుకుని పోయారు."

"స్కూటరా!"

"గేటు స్తంభాన్ని గీసుకుంటూ మరీ పోయారు. ఏమిటో నాలుగురోజులుగా ఆ మనిషి వరసే బాలేదు. గుమ్మం తన్నుకుంటున్నారు. మంచినీళ్ళ గ్లాసు పక్కన చెయ్యి పెడుతున్నారు. ఏమయిందండీ అంటే తుఫానులో ఉన్నానోయ్ అని వెటకారం."

"అత్తయ్యా, మిషను ఆపు. కిందికి రా. అయిదు నిమిషాల్లో నీ ముందుంటా."

మిషను ఆగింది. అత్తయ్య ఎందుకని అడగలేదు. ఆ గొంతు విన్నాక అడగాలనిపించలేదు.

* * *

కారు నడుపుతూనే ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆమె షాపు నుంచి ఎందరినో పంపిన డాక్టరే.

"ఒకే కన్నున్న మనిషా?" డాక్టరు గొంతు మారింది. "నడిమి చూపు ఉందా ఇంకా?"

"పొద్దున ఫొటోలు చూశాడు. ఉండాలి."

"ఉండగానే నా దగ్గరికి రావాలి. ఏమీ తిననివ్వకండి, తాగనివ్వకండి. కార్లో పడుకోబెట్టండి, తల కదలనివ్వకండి. థియేటర్ సిద్ధంగా ఉంచుతా."

పక్కసీట్లో అత్తయ్య మెడలో కొలతల టేపు వేలాడుతోంది. తీయడం మరిచిపోయి వచ్చేసింది. రెండు చేతులతో టేపు చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

"ఊడిపోవడమంటే ఏమిటే? గుండీ ఊడినట్టా?"

"లైనింగు గుడ్డ ఊడినట్టు."

"మరి కుడతారా?"

"అతికిస్తారు. ముందు మనం టైముకి తీసుకెళ్ళాలి."

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం. ముందున్న లారీ కదలదు. దీపం మారింది, లారీ అయినా కదలదు. డ్రైవరు దిగి టైరుని తన్ని చూస్తున్నాడు. మేనకోడలు హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు.

"నీకు ముందే తెలియలేదా? నీ పని అదేగా?" అంది అత్తయ్య. నిష్ఠూరంగా కాదు, ఊరికే అడిగింది. ఊరికే అడిగింది కాబట్టే ఆమెకి ఎక్కువ తగిలింది.

"షాపుకి రా మావయ్యా, కన్ను చూస్తానని రెండుసార్లు పిలిచా. మొండిఘటం సంగతి తేలాక వస్తానన్నాడు. నేనూ సరేనన్నా. ఆయన చెప్పినవన్నీ అక్కడ జరుగుతున్నాయనుకున్నా అత్తయ్యా. ఇక్కడనుకోలేదు."

లారీ కదిలింది.

* * *

మావయ్య స్కూటర్ బిల్డింగు ముందు వంకరగా ఆగి ఉంది. ఎడమ పక్క రేకు కొత్తగా చొట్టపడింది. మనిషి మాత్రం క్షేమంగా చేరాడన్నమాట. మేనకోడలు ఊపిరి వదిలింది.

లిఫ్టు తలుపు మీద అట్టముక్క కట్టి ఉంది. 'పనిచేయదు.'

"లిఫ్టు మెకానిక్ ఉండే బిల్డింగు!" అంది అత్తయ్య మెట్ల వైపు చూసి. "దర్జీదాని మొగుడి చొక్కాకి గుండీలుండవన్నట్టుంది."

ఆఖరి అంతస్తు దాకా ఎక్కారు. అత్తయ్య ప్రతి మలుపులో రెయిలింగు పట్టుకుని ఆగింది. మేనకోడలు ఆగలేదు.

గది తలుపు తీసే ఉంది. గోడ వెంట పాత కప్పీలు, తీగచుట్టలు, ఒక మూల మడతమంచం. బల్ల మీద పెద్ద కంప్యూటర్ తెర. తెరకి జానెడు దూరంలో మావయ్య. తల ఒకపక్కకి వాల్చి, గడ్డం కిందికి లాక్కుని, నుదుటి కిందనుంచి చూస్తున్నాడు. అటు మెకానిక్, ఇటు సందేహం. సందేహం బ్యాంకుకి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా, టై కట్టుకుని వచ్చాడు.

"వచ్చావా అమ్మడూ! రా రా. ఇంకా రాలేదు ఫొటోలు. ప్రాణం పోతోందనుకో" అన్నాడు మావయ్య తెర మీంచి చూపు తిప్పకుండానే. మోకాలు అదేపనిగా ఊగుతోంది. "అదేమిటి, మీ అత్త దగ్గినట్టుంది?"

"నేనే. ఆ రాయి ముఖం చూద్దామని వచ్చా" అంది అత్తయ్య గుమ్మం పట్టుకుని రొప్పుతూ.

"ఇవాళ అంగారకుడి మీద వాన పడుతుందిరోయ్!" అన్నాడు మావయ్య.

"అక్కా, టీ తాగుతావా?" అని మేనకోడల్ని అడుగుతూ మెకానిక్ గ్లాసులు తెచ్చాడు. ఒకటి మావయ్య ముందు పెట్టాడు. ఆయన చెయ్యి చాచాడు. గ్లాసుకి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకున్నాడు. మళ్ళీ తడిమాడు. మేనకోడలు ముందుకొచ్చి గ్లాసు తీసేసింది.

"ఏదీ తాగద్దు మావయ్యా. స్కూటరు దేనికి తగిలింది?"

"ఎవడో చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టాడు. కనబళ్ళా."

"కింద ఉన్నవేవీ కనబడ్డం లేదు కదూ?"

ఆయన మోకాలు ఊగడం ఆగింది.

"ఏమిటే నీ గోల?"

"ఆ తుఫాను ఫొటోలో లేదు. నీ కంట్లో ఉంది. లే, ఆసుపత్రికి వెళ్దాం."

"ఆగు చెల్లెమ్మా, అదేం మాట!" అన్నాడు సందేహం. "మేమూ చూశాంగా? నేను స్వయంగా పిండా. నల్లగా ఉంది."

"నేనూ పిండా అన్నయ్యా. నా పెళ్ళిఫొటోని పిండినా నల్లగానే వస్తుంది. అన్నీ సందేహించే మనిషివి, ఈ ఒక్కటీ ఎందుకు సందేహించలేదు?"

సందేహం టై సవరించుకున్నాడు.

"కంటి షాపు పెట్టిన దగ్గర్నించీ దీనికి అందరూ గుడ్డివాళ్ళలాగే కనబడతారు" అన్నాడు మావయ్య నవ్వబోతూ. నవ్వు సగంలోనే ఆగింది.

మేనకోడలు బల్ల దగ్గరికెళ్ళి పొద్దున్న ఫొటో తెర మీదికి తెచ్చింది. నేల, గుట్ట, ఆకాశం.

"తుఫాను ఎక్కడుంది?"

"ఇదిగో. ఎడమ, అడుగున. నేల మీంచి లేస్తోంది."

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. ఆమె రెండు మీటలు నొక్కింది. ఫొటో తలకిందులైంది. ఆకాశం కిందికొచ్చింది, నేల పైకెళ్ళింది, రాళ్ళన్నీ గబ్బిలాల్లా వేలాడాయి.

"తెరువు. ఇప్పుడు తుఫాను ఎక్కడుంది?"

తుఫాను నేలదైతే నేలతోపాటు పైకెళ్ళాలి. మెకానిక్‌కి అర్థమైంది. పళ్ళెం కింద పెట్టేశాడు.

మావయ్య చూస్తూనే ఉన్నాడు. చాలాసేపు చూశాడు. తెర మీద వేలు పెట్టాడు. వేలు మెల్లగా కిందికే వచ్చింది. ఎడమ మూలకి. ఆకాశం మీదకి.

"ఇక్కడే" అన్నాడు. "అరే. ఇక్కడే ఉంది."

మావయ్య తల తిప్పి కిటికీ వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. తన అరచెయ్యి ఎత్తి కంటి ముందు పైకీ కిందికీ కదిపాడు. ఎటు చూసినా తుఫాను వెంటే వచ్చింది.

"ఒక్కకన్నోడికి అదే చిక్కు" అన్నాడు చివరికి, పొడిగా. "లోకం పాడైందో కన్ను పాడైందో చెప్పడానికి సాక్షి ఉండడు."

"డాక్టరు ఎదురుచూస్తున్నాడు. నడిమధ్యకి రాకముందే వెళ్ళాలి. లే మావయ్యా."

ఆయన లేవలేదు. "ఫొటోలు ఎంతసేపట్లో వస్తాయిరా?" అని మెకానిక్‌ని అడిగాడు.

"అరగంటలో రావచ్చు పెద్దాయనా. రెండు గంటలూ పట్టచ్చు. చెప్పలేం."

"అయితే చూసే వెళ్దాం."

"మావయ్యా!"

"అరవకు. నా మాట విను. ఆ డాక్టరు కోస్తాడు. బాగుపడితే సరే. పడకపోతే? మొండిఘటం లోపలేముందో నాకిక జన్మలో కనబడదు. ఎన్ని నెలలు కాపలా కాశానే దానికి! ఒక్క ఫొటో. చూసి పోతా."

అది మొండితనం కాదు, భయం. ఆమెకి తెలిసింది. బాగుపడుతుందని ఒట్టేసి చెప్పలేకపోయింది. అందుకే ఆయన ఎదురుగా, కింద మోకాళ్ళ మీద కూర్చుంది.

"నా ముఖం చూడు. ఇందాక గ్లాసు తీసేసినప్పుడు నా గడ్డం కనబడిందా?"

"కనబడింది."

"ఇప్పుడు?"

ఆయన తదేకంగా చూశాడు.

"లేదు."

"మూతి?"

"ఉంది. సగం."

అత్తయ్య గుమ్మం వదిలి వచ్చింది. మెడలోంచి టేపు తీసి బల్ల మీద గిరాటేసింది.

"ఆ ఫొటో నేను చూస్తా. మీకు చెప్తా. లేవండి."

"నువ్వా? నీకు రాళ్ళ గురించి ఏం తెలుసు?"

"రాళ్ళు తెలియవు. గుడ్డ తెలుసు, కుట్టు తెలుసు. కళ్ళముందు ఏముంటే అది చెప్తా. మీలాగా లేనిది మాత్రం చెప్పను."

"ఇన్నేళ్ళలో ఒక్క ఫొటో చూడమంటే చూశావా?"

"ఇన్నేళ్ళూ మీకు కన్నుంది" అంది అత్తయ్య.

ఆ మాట అనేశాక ఆవిడ మూతి వణికింది. మావయ్య ఆ వణుకు చూశాడో లేదో. ఆవిడ కళ్ళకేసి చూస్తే కింద మూతి ఆయనకి అందుతోందో లేదో. కానీ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

* * *

మెట్ల దగ్గర ఆగిపోయాడు. కాలు చాచి వెనక్కి లాక్కున్నాడు. పొద్దున ఆ మెట్లు ఎక్కడానికి ఇబ్బంది పడలేదు. ఎక్కేటప్పుడు మెట్లు ఎదురుగా ఉంటాయి. దిగేటప్పుడు కింద ఉంటాయి. కింద ఆయనకి లోకం లేదు.

"లిఫ్టు బాగు చెయ్యడానికి ఎంతసేపురా?"

"సామాను రావాలి పెద్దాయనా. సిగ్గు తీయకు."

మెకానిక్ ముందు నిలబడి వెనక్కి నడిచాడు. మావయ్య రెండు చేతులూ అతని భుజాల మీద. వెనకనుంచి సందేహం చొక్కా కాలరు పట్టుకున్నాడు. మెకానిక్ ప్రతి మెట్టుకీ "మెట్టు" అన్నాడు. మలుపు వచ్చినప్పుడు "మలుపు" అన్నాడు. సందేహం మాత్రం "ఖచ్చితంగా మెట్టేనా?" అని ఒకసారి అనేసి నాలిక్కరుచుకున్నాడు. మేనకోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వెనకసీట్లో పడుకోబెట్టారు. అత్తయ్య ఒళ్ళో తల. మెకానిక్ ముందుసీట్లో, ఒళ్ళో ల్యాప్‌టాప్. సందేహం స్కూటర్ తెస్తానని ఆగిపోయాడు.

కారు బయల్దేరింది. మావయ్య కన్ను మూసుకున్నాడు, కానీ వేళ్ళు ఊరుకోవు. సీటు అంచుని గోకుతున్నాయి. అత్తయ్య వాటిని పట్టుకుని నొక్కింది. బొటనవేలు తప్పించుకుని మళ్ళీ గోకడం మొదలుపెట్టింది.

"వచ్చాయా?"

"లేదు పెద్దాయనా."

బస్సు ఒకటి అడ్డం వచ్చింది. మేనకోడలు బ్రేకు వేయకుండా ఒడుపుగా తప్పించింది. కుదుపు తగలకూడదు, ఆలస్యం కాకూడదు. రెండూ ఒకేసారి కుదిరే రోడ్డు ఆ ఊళ్ళో ఎక్కడా లేదు.

"ఇప్పుడు?"

"లేదు."

"నెట్టు పోయిందేమో చూడరా."

"ఉంది పెద్దాయనా, ఉంది." మెకానిక్ వేలు మీట మీద టకటకలాడుతోంది. ఒక్కసారిగా ఆగింది. "వస్తోంది!"

ల్యాప్‌టాప్ వెనక్కి అందించాడు. అత్తయ్య ఒక చేత్తో భర్త తల కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో దాన్ని మోకాలి మీద నిలబెట్టుకుంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు భుజంతో పైకి నెట్టుకుంది.

"చెప్పవే!"

"ఆగండి, చూడనివ్వండి. చుట్టూరా ఎర్రదుమ్ము. మధ్యలో గుండ్రంగా కత్తిరించినట్టుంది. గుండీకి కాజా కోసినట్టు చక్కగా వచ్చింది."

"గీకిందన్నమాట! జారలేదు! లోపల రంగేమిటి?"

"ఎరుపు కాదు. బూడిదరంగు. కొంచెం నీలం తిరిగిన బూడిద. పైన ఎర్రరంగు గుడ్డేసి లోపల బూడిదరంగు లైనింగు వేసినట్టు."

"గింజ పెద్దదా, సన్ననా?"

"గింజేమిటి? నేత అంటారా? సన్ననేత. మంచి మల్లు గుడ్డలా ఉంది. ఆ... అడ్డంగా తెల్లదారం ఒకటి పోయింది."

మావయ్య తల లేవబోయింది. అత్తయ్య అరచెయ్యి నుదుటి మీద పడింది.

"కదిలారంటే మూసేస్తా. వినండి. తెల్లదారం ఎడమనుంచి కుడికి. తిన్నగా. ఇంకోటి ఉంది. ఇది సన్నం. పైనుంచి ఏటవాలుగా వచ్చింది."

"రెండూ ఎక్కడ కలిశాయి? చూడు, జాగ్రత్తగా చూడు. ఏది తెగింది?"

అత్తయ్య కళ్ళు చిట్లించింది. కారు గుంటలో పడి లేచింది. మెకానిక్ వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. మేనకోడలు చేత్తో వద్దని సైగ చేసింది.

"అడ్డంగా పోయినదే తెగింది" అంది అత్తయ్య. "ఏటవాలుది దాన్ని తెంపుకుంటూ పోయింది. ముందు వేసిన కుట్టు మీద తరవాత ఎవరో ఇంకో కుట్టు వేశారు."

మావయ్య వేళ్ళు గోకడం ఆగింది.

"రెండుసార్లు" అన్నాడు మావయ్య. మూసిన కంటి చివరనుంచి తడి జారి చెవిలోకి పోయింది. "పగుల్లోకి రెండుసార్లు నీళ్ళొచ్చి ఉండాలి. ఒకసారొచ్చి ఎండిపోయాయి. రాయి మళ్ళీ పగిలింది. మళ్ళీ వచ్చాయి. మిల్లులో ఇలాంటి పలకలు ఎన్ని కోశానో. అమ్మడూ, విన్నావా?"

"విన్నా మావయ్యా. కన్ను తెరవకు. వచ్చేశాం."

ఆసుపత్రి గేటు ముందు చక్రాల మంచంతో ఇద్దరు నిలబడి ఉన్నారు.

* * *

డాక్టరు బయటికొచ్చి చెప్పింది రెండే ముక్కలు. పొర నడిమధ్య అంచు దాకా ఊడింది, నడిమధ్య ఊడలేదు. అతికించి, అది కదలకుండా లోపల గ్యాసు బుడగ నింపాం, మిగతాది ఎదురుచూడాలి. ఎంత చూపు వస్తుందని అడిగితే, బుడగ పోయాక అడగండి అన్నాడు.

ఎదురుచూడడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. మావయ్యని ఎప్పుడూ తల నిటారుగా పెట్టి కూర్చోమన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపాడు. అత్తయ్య కుట్టిన జాకెట్టే విప్పి మళ్ళీ కుట్టింది. మేనకోడలు షాపు తెరవడానికి ముందు ఒకసారి, మూశాక ఒకసారి వచ్చింది. మొదట్లో ఆయనకి అంతా పాలలో ముంచినట్టు తెల్లగా ఉండేది. గ్రూపులో ఫొటోలు వస్తూనే ఉన్నాయి. ఏ ఫొటో వచ్చినా అత్తయ్య గుడ్డభాషలో చదివి వినిపించేది. సందేహం పెట్టే ప్రతి మాటకీ ఇప్పుడు కింద ఒక తోక ఉంటోంది: 'తలకిందులు చేసి చూశాను.'

ఒక పొద్దున మేనకోడలు లోపలికి రాగానే మావయ్య చెయ్యి ఎత్తాడు.

"అడుగున ఏదో నల్లగా ఊగుతోందే."

అత్తయ్య చేతిలో కత్తెర ఆగింది. మేనకోడలు సంచీ నేల మీద వదిలేసి వచ్చింది.

"గీతలాగా ఉందా?"

"గీతే. పైన మసకమసగ్గా వెలుతురు. గీత కింద ఏమీ లేదు."

"తల మెల్లగా కుడివైపుకి వంచు. గీత నీతోపాటు వంగిందా?"

ఆయన వంచాడు.

"వంగలేదు. మట్టంగానే ఉంది. సీసాలో నీళ్ళలాగా."

"బుడగే!" ఆమె కుర్చీ చెయ్యి మీద కూలబడింది. "అది గ్యాసు బుడగ మావయ్యా. కరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది."

"దిగాక?"

"దిగాక చూద్దాం."

"డాక్టరు భాష మాట్లాడకు" అని విసుక్కున్నాడు. కన్ను మాత్రం అప్పటికే గీత పైన వెతుకులాడుతోంది. "అది మీ అత్త నుదురేనా? ఇంత నెరిసిందేమిటి జుట్టు?"

"నెరవక? మీతో వేగుతున్నాగా" అంది అత్తయ్య.

"వాగకుండా మొండిఘటం ఫొటో తియ్యి. పైకి పట్టుకో. ఇంకా పైకి. ఆ."

అత్తయ్య చెయ్యెత్తి ఆయన నుదుటికి ఎదురుగా ఫోన్ పట్టుకుంది. ఆయన గడ్డం దించి, తెల్లటి పొగమంచులోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. అడ్డదారం. ఏటవాలు దారం. తెగినచోటు.

"నువ్వు చెప్పినంత వాలు లేదే."

"ఉంది. సరిగ్గా చూడండి."

"చూడనివ్వు మరి. చెయ్యి కదపకు."

"ఎంతసేపు?"

"బుడగ దిగేదాకా."

"బుడగ దిగేదాకానా! నా చెయ్యేమన్నా రోవర్ చెయ్యనుకున్నారా?" అంది అత్తయ్య. చెయ్యి మాత్రం దించలేదు.